తూము కాడి నేల ఉసిరి

2021 సెప్టెంబరు. ఆదివారం, ఇంకా వెలుతురు రాలేదు. హాలియా ఆయకట్టులో తన వరి మడి పక్కన, పిల్లకాలువ గట్టు మీద, భద్రమ్మ వంగి ఆకు తెంపడం కాటమయ్య చూశాడు. పలకరించలేదు. ముఖం అవతలికి తిప్పుకుని నిలబడ్డాడు. ముందు రోజు సాయంత్రం అదే గట్టుకు అతను గడ్డిమందు కొట్టాడు.

పలకరించకపోవడానికి కారణం ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికైనా పసిరికలు అయితే, అంటే కామెర్లు వచ్చి కళ్లు పచ్చబడితే, భద్రమ్మ దగ్గరికి వస్తారు. ఆమె ఆదివారం పూట మందు ఇస్తుంది. పైసా తీసుకోదు. పొద్దు పొడవక ముందే ఆకు తెంపాలి. తెంపినప్పటి నుంచి రోగి నోట్లో పసరు పడేదాకా ఆమె ఎవరితోనూ మాట్లాడదు. ఆమెను ఎవరూ పిలవకూడదు. ఏ మొక్క తెంపుతోందో చూడకూడదు. ఎదురుపడితే ముఖం తిప్పుకోవాలి. పిలిస్తే మందు విరిగిపోతుందని, ఆ చెరుపు రోగి మీదికి పోతుందని నమ్మకం.

ఆ ఆకు నేల ఉసిరి అని ఊళ్లో అందరికీ తెలుసు. జానెడు మొక్క. వానలు పడగానే గట్ల మీద, గోడల వెంట లేస్తుంది. రెమ్మ అడుగున ఆవగింజంత కాయలు వరసగా ఉంటాయి. ఆడవాళ్లు గజ్జికి, పుండ్లకు దాన్నే నూరి పెడతారు. వేడి చేసి మూత్రం మంటగా వస్తే మరగబెట్టి తాగుతారు. అప్పుడు పేరు పెట్టే అడుగుతారు. ఆదివారం తెల్లవారి భద్రమ్మ కొంగులో ఉన్నప్పుడు మాత్రం దానికి పేరు లేదు.

కాటమయ్యకు పెళ్లి కాకముందు పసిరికలు అయ్యాయి. భద్రమ్మే మందు ఇచ్చింది. ఒక చేత్తో దవడ పట్టుకుని రెండో చేత్తో గిన్నె వంచింది. ఆ చేదు అతనికి ఇప్పటికీ గుర్తుంది. మూడో ఆదివారానికి కళ్లు తెల్లబడ్డాయి. అందుకని ఆ రోజు గట్టు మీద ముఖం తిప్పుకోవడానికి అతను ఆలోచించలేదు. చెప్పులు విడిచి ఇంట్లోకి పోయినంత అలవాటుగా తిప్పుకున్నాడు.

ఆమె అడుగుల చప్పుడు గట్టు దిగి బాట మీదికి పోయేదాకా ఆగాడు. తర్వాత మడవ దగ్గర కూర్చుని, మడిలోకి నీళ్లు తిప్పడానికి మట్టి తీశాడు. తుడుచుకుందామని మెడలోని తువ్వాల ముఖానికి పెట్టుకున్నాడు. తువ్వాల కంపు కొట్టింది. నిన్న మందు కొట్టేటప్పుడు మూతికి కట్టుకున్నది ఆ తువ్వాలే.

అతను లేచి నిలబడ్డాడు.

గట్టు మీద గడ్డి మోకాలి ఎత్తు పెరిగింది. కోయడానికి కూలోళ్లు దొరకలేదు. హాలియాలో దుకాణదారు ఒక డబ్బా చేతిలో పెట్టి చెప్పిన మాటలు ఇవి: "రెండు దినాల్ల మాడిపోతది. చెయ్యి జాగ్రత్త, మూతి జాగ్రత్త. నోట్లె పడ్డదంటే దవాఖానల గూడ దీనికి ఇరుగుడు లేదు." కాటమయ్య బాట వైపు నుంచి కొట్టుకుంటూ తూము దిక్కు నడిచాడు. తూము దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. భుజాన ఉన్న పంపులో ఇంకా కొంత మందు మిగిలింది. ఇంటికి మోసుకుపోవడం ఎందుకని అటూ ఇటూ చల్లి ఖాళీ చేశాడు. తూముకు ఇవతలే ఆగాడా, అవతలికి పోయాడా, ఇప్పుడు ఎంత గుర్తు చేసుకున్నా తెలియలేదు.

ఫోన్ లైటు వేసి గట్టు మీద వెతికాడు. మంచు పడి ఆకులన్నీ తడిగా ఉన్నాయి. ఏది మంచు తడి, ఏది మందు తడి? రాత్రిపూట నేల ఉసిరి ఆకులు ముడుచుకుంటాయి. గడ్డిలో తెంపిన మొదలు ఏదో, తెంపనిది ఏదో లైటు వెలుగులో కనబడలేదు. భద్రమ్మ తప్ప, ఆమె ఏ చోట వంగిందో చెప్పగలిగిన మనిషి అతనొక్కడే. చూడకూడదని అతను ఆ చోటు గమనించలేదు.

మడవ కట్టకుండానే ఊళ్లోకి నడిచాడు. సగం దూరం నడిచి, ఉరికాడు.

భద్రమ్మ కోడలు స్వరూప వాకిలి ఊడుస్తోంది.

"అత్త ఏది చెల్లె?"

"ఎరుక లేనట్టు అడుగుతవేందన్నా. ఇయ్యాల ఆదివారం గద."

"ఎటు పోయింది?"

"చిట్యాలకు. అక్కడ మగ్గం నేసేటాయన, సిద్దయ్య అంట. కొడుకొచ్చి చెప్పిపోయిండు. మనిషి లేసి కూసోలేకుంటున్నడంట. అందుకే ఈమెనే పోతున్నది. మొదటి బస్సుకు."

"ఫోన్ జెయ్యి."

స్వరూప చీపురుతో ఇంట్లోకి చూపించింది. "గూట్లె ఉంది. మాట్లాడనప్పుడు ఫోనెందుకని ఆడనే పెట్టిపోతది. ఏమైందన్నా?"

కాటమయ్య చెప్పాడు. చీపురు ఆగింది.

"అత్తకు వాసన తెల్వదన్నా," అంది స్వరూప. "ఎండకాలం కరోనా అయిన కాడి నుంచి. పొయ్యి మీద కూర మాడినా తెలుస్తలేదు. మరి నువ్వు కండ్లార చూసినవు గద. అప్పుడే ఎందుకు చెప్పకపోయినవు?"

"మందు తెంపుతున్నది చెల్లె. ఎట్ల చెప్త?"

స్వరూప చీపురు గోడకు ఆనించింది. అతని చోట తనున్నా చెప్పేది కాదు. అది ఆమె ముఖంలో కనబడింది.

కాటమయ్య మోపెడ్ తీసి రోడ్డెక్కాడు. బస్సు స్టేజీ దగ్గర అరుగు మీద బాలస్వామి ఒక్కడే కూర్చున్నాడు.

బాలస్వామి సంగతి చెప్పాలి. చాలా ఏళ్ల కింద ఒక ఆదివారం, నిద్ర కళ్లతో వస్తూ అతను భద్రమ్మకు ఎదురుపడి, "ఎటు పోతున్నవత్తా?" అన్నాడు. ఆ రోజు ఆమె మందు ఇవ్వాల్సిన మనిషి వారం తిరగక ముందే చనిపోయాడు. అప్పటి నుంచి ఊళ్లో అతన్ని నోరు బాలస్వామి అంటారు. పెళ్లి మాటలకు పిలవరు. బర్రె ఈనిన ఇంటికి అతను పోడు, వాళ్లు రమ్మనరు.

"బస్సు పోయిందా?"

"గిప్పుడే. అత్త ఎక్కింది. ఆమె కనబడంగనే నేను అటు తిరిగి కూసున్న. నాకెందుకొచ్చిన లొల్లి," అన్నాడు బాలస్వామి.

కాటమయ్య ఇంజన్ ఆపకుండానే సంగతంతా చెప్పాడు. చివర, "జర నా బండెక్కు. బస్సును అందుకుందాం. నువ్వు చెప్పు ఆమెకు," అన్నాడు.

"నేనెందుకు?"

"నీ నోరు ఎట్లాగూ పోయింది గద. నేను చెప్తే నాది గూడ పోతది."

బాలస్వామి అతని వైపు చూసి చూసి నవ్వాడు. "ఇన్నేండ్ల సంది మోస్తున్న. ఇప్పుడు దీన్ని కిరాయికి అడుగుతున్నవా? పో, నువ్వే పో. నాకు గూడ ఒక జోడుంటడు."

బస్సు కనగల్ దగ్గర దొరికింది. రోడ్డు మీద గొర్రెల మంద అడ్డం వచ్చి ఆగింది. కాటమయ్య మోపెడ్‌ను చాయ హోటల్ ముందు నిలబెట్టి, చూస్తుండమని చెయ్యి ఊపి, వెనక తలుపు నుంచి ఎక్కాడు.

భద్రమ్మ కిటికీ పక్కన కూర్చుంది. మూతికి మాస్కు. ఒళ్లో తెల్ల గుడ్డ మూట. రెండు చేతులు మూట మీద. కాటమయ్య పోయి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె అతన్ని చూసింది. చూసి, కిటికీ వైపు తిరిగింది.

దారి పొడుగునా అతను మాటలు కూర్చుకుంటూనే వచ్చాడు. ఆమె ముందు నిలబడగానే ఒక్కటీ బయటికి రాలేదు. ఆమె గడ్డిమందు కొట్టని చోట తెంపి ఉంటే, ఇప్పుడు పిలిస్తే మంచి మందు విరిగిపోతుంది. సిద్దయ్య అనేవాడు తన నోటితో చస్తాడు. మందు కొట్టిన చోట తెంపి ఉంటే, పిలవకపోతే తన చేతితో చస్తాడు. సైగలు చేస్తే పిలిచినట్టు కాదు కదా అనిపించింది. భుజాన పంపు ఉన్నట్టు వంగాడు. ఎడమ చేత్తో పిడి కొట్టాడు. కుడి చేత్తో అటూ ఇటూ చల్లాడు. మూట చూపించాడు. మళ్లీ చల్లాడు.

బస్సులో సగం మంది ఇటు తిరిగారు.

"ఏంది పెద్దమనిషీ, పొద్దుపొద్దుగాల్నే ఏసినవా?" అన్నాడు కండక్టర్.

కాటమయ్య తల అడ్డంగా ఊపాడు. నోరు తెరవలేదు. ఎవరితో మాట్లాడినా ఆమె చెవిన పడుతుందని భయం.

"మూగాయన, పాపం," అంది వెనక సీటులో ఒకామె.

"మూగోడైతే పాస్ చూపియ్యాలె. లేకుంటే టికెట్ తియ్యాలె," అన్నాడు కండక్టర్.

అతను నోటు ఇచ్చి టికెట్ తీసుకున్నాడు. భద్రమ్మ కళ్లు మూసుకుంది. అతను చేసింది ఆమెకు అర్థమైందో లేదో, చూసిందో లేదో తెలియలేదు. ఆమె వెనక సీటులో కూర్చున్నాడు. ఆమె భుజం మీదుగా చూస్తే, మూట ముడి సందులోంచి ఒక రెమ్మ బయటికి వచ్చి ఉంది. ఎండ తగిలి ఆకులు విచ్చుకుంటున్నాయి. అడుగున కాయలు కనబడుతున్నాయి. అతను ముందుకు వంగి ఆ రెమ్మ వాసన చూడబోయాడు. తన చేతుల నుంచి, తువ్వాల నుంచి అదే కంపు వస్తోంది. ఆకుది ఏదో, తనది ఏదో తేలలేదు. తువ్వాల తీసి కిటికీలోంచి పడేశాడు. చేతులు పడేయలేడు కదా.

నల్గొండ బస్టాండులో ఆమె దిగింది. హైదరాబాద్ పోయే బస్సు ఎక్కితే చిట్యాలలో దిగవచ్చు. ఆ బస్సు అప్పటికే ప్లాట్‌ఫాం మీద ఉంది. ఆమె అటు నడిచింది. కాటమయ్య వెనకే నడిచాడు. ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టింది.

"అత్తా," అన్నాడు.

అనేశాక ఇంక ఆగలేదు. "అత్తా, నిన్న మాపటికి గట్టుకు గడ్డిమందు కొట్టిన. తూము దాకా కొట్టిన. అవతలికి పోయిన్నో లేదో యాదికొస్తలేదు. నువ్వు ఏడ తెంపినవో నాకెరుక లేదు. నేను చూడలే. నోట్లె పడితే మనిషి దక్కడంట."

భద్రమ్మ మెట్టు మీద అట్లాగే నిలబడింది. తిరిగి చూడలేదు. వెనక నుంచి ఎవరో, "ఎక్కుతవా అవ్వా, ఎక్కవా?" అన్నారు. ఆమె ఎక్కింది.

కాటమయ్య కూడా ఎక్కాడు. బస్సు నార్కట్‌పల్లి దాటింది. ఆమె ఏం చేయబోతోందో అతనికి తెలియదు. వినకుండా ఉండదు. విన్నది. అయినా మూట ఒళ్లోనే ఉంది, చేతులు మూట మీదే ఉన్నాయి. రెండుసార్లు లేచి ఆమె దగ్గరికి పోయాడు. రెండుసార్లూ వచ్చి కూర్చున్నాడు. మూట గుంజుకుని ఉరకాలని కూడా అనుకున్నాడు. బస్సులో అందరి ముందు ముసలామె మూట గుంజుకున్నాడని పట్టుకుంటే, ఏమని చెప్పాలి?

చిట్యాలలో హైవే దాటి, రెండు సందులు తిరిగితే సిద్దయ్య ఇల్లు. ముందు గదిలో మగ్గం. సగం నేసిన చీర మగ్గం మీదే ఉంది. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంతలో వానలకు నీళ్లు ఊరుతున్నాయి. మగ్గం పక్కన మంచంలో సిద్దయ్య పడుకున్నాడు. యాభై దాటలేదు. కళ్లు, గోళ్లు, అరచేతులు పచ్చగా ఉన్నాయి.

అతని భార్య ఆండాళు సన్నికల్లు కడిగి పెట్టింది. గిన్నెలో మేకపాలు పెట్టింది. భద్రమ్మను చూసి చేతులు జోడించింది. పలకరించలేదు. కొడుకు మహేశ్ గోడకు జరిగి దారి ఇచ్చాడు. మందు పద్ధతి అంతా తెలిసిన ఇల్లే. భద్రమ్మ వెనక లోపలికి వచ్చిన కాటమయ్యను చూసి మాత్రం ఆండాళు కనుబొమ్మలు ఎగరేసింది, ఎవరన్నట్టు.

భద్రమ్మ సన్నికల్లు ముందు కూర్చుంది. మూట విప్పింది. రెమ్మలను గుడ్డ మీద పరిచింది. ఒకటి తీసి తిప్పి చూసింది. మాస్కు కిందికి లాగి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకొకటి తీసింది. అదీ పెట్టుకుంది. కాటమయ్య ఆమెకూ రాయికీ మధ్య చెయ్యి పెట్టడానికి ముందుకు వంగాడు.

భద్రమ్మ ఒక రెమ్మను ఆండాళు ముక్కు దగ్గరికి ఎత్తింది.

"గిది జర వాసన చూడు బిడ్డా," అంది.

మందు పడకముందే ఆమె మాట్లాడింది. ఆండాళు రెమ్మను చూడలేదు. ఆమె నోటినే చూస్తోంది.

"చూడు," అంది భద్రమ్మ మళ్లీ.

ఆండాళు చూసింది. "ఆకు వాసనే పెద్దమ్మా. ఇంకేదో గూడ ఉన్నట్టుంది. ఏమో."

మహేశ్ చూశాడు. "నాకైతే ఏం లేదు," అన్నాడు.

భద్రమ్మ మూట కట్టేసింది. "ఈ వారం మందు లేదు బిడ్డా. తెంపిన గట్టుకు ఈయన గడ్డిమందు కొట్టిండంట."

"ఏడ తెంపినవత్తా?" అన్నాడు కాటమయ్య. "తూముకు ఇవతల్నా, అవతల్నా?"

"తూము కాడ తెంపిన. చీకట్ల ఇవతలేంది, అవతలేంది. చేతికి కాయలు తగిలిన కాడల్ల తెంపిన."

ఆండాళు కాటమయ్య మీదికి వచ్చింది. "నువ్వు ఎవరయ్యా అసలు? కొట్టినోనివి కొట్టినట్టు ఉండక మా ఇంటి దాకా ఎందుకొచ్చినవు? ఆడనే ఆపకపోయినవా? దారిల పిలిచినవా ఈమెను?"

"పిలిచిన," అన్నాడు కాటమయ్య.

"పిలిచిండు," అంది ఆండాళు మంచం వైపు తిరిగి. "మందు తెస్తాంటే పిలిచిండంట. నీ నోరు పడిపోను. మూడు దినాల సంది ఈ ఆదివారం కోసం చూస్తున్నం."

సిద్దయ్య మంచంలోంచి చెయ్యి ఎత్తాడు. "తిట్టకే. చెప్పకుంటే తాగకపోదునా." అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "ఇన్నేండ్ల సంది నూలు పసుపు రంగుల ముంచుతున్న. గింత పక్కాగ ఎన్నడు పట్టలే."

మహేశ్ బయటికి పోయి ఆటో మాట్లాడుకుని వచ్చాడు.

"దవాఖానకు పోదాం బాపు, లే."

"ఆదివారం మందు అయినంక పోదామంటి గద."

"అయిపాయె గద. ఇంక దేని కోసం చూద్దాం?"

సిద్దయ్య భద్రమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. లేవదీసేటప్పుడు ఒక పక్క మహేశ్ పట్టుకున్నాడు, ఇంకో పక్కకు కాటమయ్య పోయాడు. ఆండాళు అతని చెయ్యి తోసేసింది. "ఆ చేతులతోని ముట్టకు," అంది.

కాటమయ్య బయట కుళాయి దగ్గర సబ్బు అడిగి చేతులు కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు. అతను వచ్చేసరికి ఆటో కదులుతోంది. భద్రమ్మ డ్రైవర్ పక్కన కూర్చుని, "ఎక్కు," అంది.

నల్గొండ దవాఖానలో డాక్టరమ్మ మొదట అడిగింది, ఆకు పసరు ఏమైనా తాగాడా అని. తాగలేదని మహేశ్ చెప్పాడు. ఎప్పటి నుంచి అన్నం సయించడం లేదు, మూత్రం ఏ రంగులో వస్తోంది, అన్నీ అడిగింది. రక్తం తీసుకున్నారు. లివర్ బాగా వాచిందని, రక్తం గడ్డకట్టడం తగ్గిందని, రెండు మూడు రోజులు చూస్తే గానీ ఏమీ చెప్పలేమని అంది. కాటమయ్య గడ్డిమందు సంగతి తీశాడు. డబ్బా పేరేంటని అడిగింది. అతనికి తెలియదు. డబ్బా కాలువలో పడేశాడు. "తాగలేదు కాబట్టి సరిపోయింది. ఆ చేతులతో అన్నం తినకండి," అని ఆమె ఇంకో మంచం దగ్గరికి పోయింది.

తిరుగు బస్సులో ఇప్పుడు మాట్లాడవచ్చు. అయినా భద్రమ్మ ఒక్క మాటే అంది. "ఈ మూట ఏడ పారేసినా మేకలు తింటయి. గుంత తీసి పూడ్చాలె." కాటమయ్య కనగల్‌లో దిగి మోపెడ్ తీసుకుని వచ్చాడు. ఊరికి వచ్చాక ఆమె పూడ్చింది. గుంత తీసింది కాటమయ్య.

సోమవారం తెల్లారేసరికి సంగతి ఊరంతా తెలిసింది. స్వరూప చెప్పిందో, బాలస్వామి చెప్పాడో. కాటమయ్య పాల కేంద్రం ముందు నుంచి పోతుంటే మాట్లాడుకునేవాళ్లు ఆగారు. ఒకడు ముఖం తిప్పుకున్నాడు. మందు తెచ్చే మనిషి ముందు తిప్పుకున్నట్టే. సిద్దయ్య చనిపోతే ఇక బాలస్వామికి పడిన పేరే అతనికీ ఖాయం.

అతను గట్టు మీదికి పోయాడు. గడ్డి పచ్చగా ఉంది. కొసలు కొంచెం వాడినట్టు కనబడ్డాయి. ఎండకు కూడా అట్లాగే వాడుతాయి. మధ్యాహ్నం అన్నం ముందు నుంచి లేచి మళ్లీ పోయాడు. సాయంత్రం పోయాడు. మహేశ్‌కు ఫోన్ చేశాడు.

"ఎట్లున్నడు బిడ్డా?"

"మంచిగ లేదు కాకా. పొద్దుటి సంది మబ్బుగ ఉంటున్నడు. పిలిస్తే ఒకపారి పలుకుతున్నడు, ఒకపారి పలుకుతలేడు. హైదరాబాద్ పంపుడు పడ్తదేమో అంటున్నరు." వెనక నుంచి ఆండాళు గొంతు వినబడింది, ఎవరితో మాట్లాడుతున్నావని. మహేశ్ పెట్టేశాడు.

మంగళవారం గడ్డి మాడింది. బాట దగ్గర మొదలై తూము దాకా గట్టు గోధుమ రంగుకు తిరిగింది. కాటమయ్య భద్రమ్మను పిలుచుకుని వచ్చాడు. వాళ్ల వెనక స్వరూప వచ్చింది. పిలవకుండానే బాలస్వామి వచ్చి, దూరంగా కాలువకు అవతలి ఒడ్డు మీద నిలబడ్డాడు.

"ఇప్పుడు ముఖం తిప్పుకోవాల్నా అత్తా?" అన్నాడు కాటమయ్య.

"వెతుకు," అంది భద్రమ్మ.

మోకాళ్ల మీద కూర్చుని గడ్డి పాయలు తీసి చూశారు. భద్రమ్మ గోటితో గిల్లి తెంపుతుంది. మొదలు మీద గోటి గాటు ఉంటుంది. తూముకు అవతల అట్లాంటి మొదళ్లు చాలా కనబడ్డాయి. అన్నీ పచ్చగా ఉన్నాయి. కొన్ని అప్పుడే చిగురు పెడుతున్నాయి. స్వరూప ఒక్కొక్కటే ముట్టుకుని లెక్క పెట్టబోయి మానేసింది. "అన్నీ మంచియే ఉన్నయన్నా," అంది. ఆ మాట అతన్ని ఓదార్చడానికి అనలేదు.

కాటమయ్య లేవలేదు. తూము రాయి ఆనుకుని ఇవతలి పక్కకు పాకాడు. మాడిన గడ్డిని వేళ్లతో పక్కకు తీశాడు. రాయి మొదట్లో నేల ఉసిరి గుత్తి ఒకటి ఉంది. ఆకులు ముడుచుకుని నల్లబడ్డాయి. నాలుగు రెమ్మలు లేవు. లేని చోట నాలుగు గోటి గాట్లు ఉన్నాయి.

"అత్తా," అని పిలిచాడు.

భద్రమ్మ వచ్చి వంగి చూసింది. తన బొటనవేలి గోరు ఒక గాటు మీద పెట్టి చూసుకుంది. సరిపోయింది. స్వరూప కూడా చూసింది. కాలువ అవతలి నుంచి బాలస్వామి, "ఏమాయెరా?" అని కేక వేశాడు. అతను నీళ్లలో దిగి, పంచె ఎత్తి పట్టుకుని ఇవతలికి వచ్చాడు. వంగి చూసి, చాలాసేపు వంగే ఉన్నాడు.

"నేను పిలిచిన నాడు ఈడ ఏ గడ్డిమందు లేకుండె," అన్నాడు.

గురువారం మహేశ్ తనే ఫోన్ చేశాడు. హైదరాబాద్ పంపలేదు. తండ్రి తెలివిలోకి వచ్చాడు. గంజి తాగాడు. మగ్గం గుంతలో నీళ్లు తోడావా అని అడిగాడు. ఇంకో వారం ఉంచాలని డాక్టరమ్మ చెప్పింది. కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. "అమ్మ మాట్లాడుతదంట," అని ఫోన్ ఇచ్చాడు. కాటమయ్య చెవికి పెట్టుకుని నిలబడ్డాడు.

"ఆ గట్టు చూసినవంట గద," అంది ఆండాళు.

"చూసిన."

"ఏముండె?"

"నాలుగు రెమ్మలు మాడిన కాడియే అక్కా."

ఆమె ఫోన్ పెట్టేసింది.

శనివారం సాయంత్రం నిడమనూరు దిక్కు నుంచి ఒక తండ్రి తన బిడ్డను స్కూటర్ మీద ఎక్కించుకుని భద్రమ్మ ఇంటికి వచ్చాడు. బిడ్డ కళ్లు పచ్చగా ఉన్నాయి. ముందు దవాఖానలో చూపించి రక్తం చీటీ పట్టుకుని రమ్మని భద్రమ్మ చెప్పింది. అతను జేబులోంచి చీటీ తీసి ఇచ్చాడు. ఆమెకు చదువు రాదు. స్వరూప చదివింది. తెల్లవారి రమ్మన్నారు.

ఆదివారం, వెలుతురు రాకముందు, భద్రమ్మ గట్టెక్కింది. కాటమయ్య అప్పటికే అక్కడ ఉన్నాడు. ఆమె ఆగింది. అతను మాట్లాడకుండా ముందు నడిచాడు. తూము దాటాడు. ఇంకా నడిచాడు. తన మడి అయిపోయి పక్క రైతు మడి మొదలయ్యే చోట ఆగి, చేత్తో గట్టు చూపించాడు. అక్కడ గడ్డిమందు కొట్టలేదని ముందు రోజే ఆ రైతును అడిగి తెలుసుకున్నాడు.

భద్రమ్మ వంగి రెమ్మల కింద చెయ్యి పెట్టింది. కాటమయ్య ముఖం తిప్పుకోలేదు.